ఎనభై ఆరో రోజు

నా భార్య సూర్యకళ పనిని ముగ్గురం కలిసి నాశనం చేశాం. మా అమ్మ పోతమ్మ కొంత చేసింది. సూర్యకళ పనిచేసిన ల్యాబు డైరెక్టరు శ్రీరామ్మూర్తి చాలా చేశాడు. మిగిలింది నేను చేశాను. ఇందులో వాదించుకోవడానికి ఏమీ లేదు.

సూర్యకళ మా మేనమామ కూతురు. రెండు వైపులా సముద్రం మీద బతికిన కుటుంబాలు. నేను భీమునిపట్నం అవతల మా పల్లె బడిలో పదో తరగతి దాకా చదివి, విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీలో చేరాను. ఆమె తెల్లారకముందే వాళ్ళమ్మ వెంట వేలంపాటకి వెళ్ళి, చేపల మీద ఐసు కొట్టి, చేతులు కడుక్కుని కాలేజీకి వెళ్ళి బీఎస్సీ పాసైంది. పెళ్ళయ్యాక ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో కాంట్రాక్టు మీద టెక్నీషియనుగా చేరింది. అక్కడ నరాల కణాలు పెంచుతారు.

ఆమె ఏం చేసేదో, చేస్తూ ఏం అనుకునేదో నాకెలా తెలుసంటే, ఆమే చెప్పేది. సాయంత్రం ఆరున్నరకి వచ్చి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు శుభ్రం చేస్తూ చెప్పేది. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని ఫోను చూసుకునేవాణ్ణి. మధ్యమధ్య ఊఁ అనేవాణ్ణి. ఆ ఊఁ పట్టుకుని ఆమె ఐదేళ్ళు చెప్పింది.

"పళ్ళెంలో పెంచితే ఎండుసేపల్లాగ పరుసుకుని పడుంతాయి బావ. బతికే ఉంతాయి గానీ నరాల్లాగ ఉండవు. అదే జెల్లులో పెంచేవనుకో, నీల్లలో సేపలే. పైకీ, కిందకీ, పక్కకీ సేతులు సాపుకుంటాయి. ఒకదాని సెయ్యి ఇంకోటి అట్టుకుంతాది. ఆవగింజంత ఉండ. దాన్లో అంత వల."

"ఊఁ."

"ఇంతున్నావా?"

"ఇంతన్నాను సెప్పు."

వినడం లేదు. ఆ జెల్లు చల్లగా ఉన్నంతసేపు నీళ్ళలా ఉంటుంది. కొంచెం వెచ్చబడితే గడ్డకడుతుంది. అందుకని కణాలను అందులో కలిపేటప్పుడు సీసా, గొట్టాలు, అన్నీ ఐసులో ఉంచి గబగబా పని చేయాలి. ఒకసారి గడ్డకట్టాక మాత్రం చలి తగలకూడదు. అప్పటినుంచి కణాలకు మన ఒంట్లో ఉన్నంత వేడి కావాలి, రాత్రీ పగలూ. ఐసు జెల్లుకి, వేడి కణాలకి. ఈ ముక్క ఆమె నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. నా చెవిలో మిగిలింది ఐసు ఒక్కటే.

ఎందుకంటే ఆ ఐసు ఇచ్చింది నేను. ఆమె చేరిన మొదటి ఏడే ల్యాబులో ఐసు మిషను పాడైంది. బాగుచేయించమని అడిగితే శ్రీరామ్మూర్తి నవ్వి, "మీ ఇంట్లోనే ఐసు ఫ్యాక్టరీ ఉంది కదమ్మా" అన్నాడట. ఇక అంతే. రోజూ పొద్దున్న నేను దిమ్మ కొట్టి, పొడి చేసి, ఆమె థర్మాకోల్ పెట్టె నింపి ఇచ్చేవాణ్ణి. ఆమె ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళేది. ఇస్త్రీ చీర, మెడలో ఐడీ కార్డు, ఒళ్ళో కారుతున్న పెట్టె. కండక్టరు రోజూ ఒకటే పాట.

"సేపల పెట్టెలు ఎక్కనివ్వమమ్మా. దిగిపో."

ఒకరోజు ఆమె మూత తీసి చూపించింది.

"సేపల్లేవా? మరి ఐసెందుకు?"

"మెదడుకి."

"ఓలమ్మ! అయితే నా బుర్ర మీద కూడా ఓ గుప్పెడు ఎయ్యమ్మా. పొద్దున్నుంచి ఒకటే పోటు."

బస్సంతా నవ్విందట. ఆమె కూడా నవ్విందట. ఇంటికొచ్చి చెప్తున్నప్పుడు నవ్వలేదు. "పదిహేనేళ్ళు సదువుకున్నా నా ఒంటి మీద సేపల వాసనే కనిపెడతారు బావ" అంది. నేను ఊఁ అన్నాను.

కణాలకు ఆదివారం ఉండదు. రోజు విడిచి రోజు పాత ఆహారం సగం తీసి కొత్తది సగం పోయాలి. ఆదివారాలకు జీతం లేదు. పరిశోధన విద్యార్థులు ఆదివారం రారు, వాళ్ళకి చదువుంటుంది. సూర్యకళకి ఇల్లుంటుందని ఎవరూ అనుకోలేదు. ఇంట్లో మా అమ్మ మాత్రం అదొక్కటే అనుకునేది.

"ఊరంతా ఆదివారం కూడు తిని తొంగుంతారు. మాయింట కోడలు గాజుగిన్నెలకి వడ్డించడానికి పోతాది. కడుపున ఒక్క పిల్లో గుంటో కాయనేదు గానీ, గాజుగుంటల్ని పెంచుతాదట."

దానికి సూర్యకళ ఒక్కసారే జవాబు చెప్పింది. చెప్పులు వేసుకుంటూ, గొంతు పెంచకుండా. "అవి నా గుంటలు కాదత్తా. నా పని."

మా అమ్మకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆ రెంటికీ తేడా ఏమిటా అనుకున్నాను.

తెల్ల లైటు కింద గాజు తలుపు వెనక చేతులు పెట్టి కూర్చున్నప్పుడు ఆమెకి ఎలా ఉండేదో కూడా చెప్పింది. గొట్టం మొన గిన్నె అంచుకే ఆనించాలి, ఉండ మీదికి పోకూడదు. బొట్టు బొట్టుగా లాగాలి. ఊపిరి బిగపట్టాలి. మొదట్లో అక్కడ కూడా బుర్రలో ఇల్లే తిరిగేదట. బియ్యం నానబెట్టానా, అత్త మాత్ర వేసుకుందా, బావ లుంగీ వర్షంలో తడిసిందేమో, గ్యాసు బుక్ చేయలేదు, ఆడపడుచు పిల్లాడి పుట్టినరోజు ఎల్లుండా ఆవలెల్లుండా. తర్వాత తర్వాత అవన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయట. గాజు తలుపు దించగానే ఆగిపోయేవట. ఇంట్లో తను ఏం చేసినా అది మర్నాటికి ఉండదు. వండింది తినేస్తారు, ఉతికింది మాసిపోతుంది, తుడిచింది తొక్కేస్తారు. ఎవరూ చూడరు, చేయకపోతేనే చూస్తారు. ఇక్కడ చేసింది నిలుస్తుంది. మొన్న లేని చెయ్యి ఇవాళ ఉంటుంది, ఇవాళ లేనిది ఎల్లుండికి పక్కదాన్ని పట్టుకుంటుంది. "ఆ గంటసేపు నా సేతులు నాయే అనిపిస్తాది బావ" అంది. కత్తిపీట మీద చేప తల తెగింది. బూడిద పూసిన చేతులు. నేను వాటిని చూడలేదు.

ఒకరోజు ఎవరో పెద్దవాళ్ళు ఢిల్లీ నుంచి వచ్చారట. శ్రీరామ్మూర్తి వాళ్ళని మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి, "మా స్టూడెంట్లు పెంచారు" అన్నాడట. వెనక్కి తిరిగి, "సూర్యకళా, నాలుగు టీలు" అన్నాడట. ఆమె వెళ్ళి తెచ్చింది. తన కుర్చీలో కూర్చున్న మనిషి ఆ కప్పు అందుకుని, కళ్ళు అద్దం మీంచి తీయకుండానే "అద్భుతం" అన్నాడట. టీ గురించా కణాల గురించా తెలియక అక్కడే కాసేపు నిలబడిందట. నవ్వొచ్చిందని చెప్పింది నాకు. చెప్పి, చాలాసేపు ఒకే చేపను తోముతూ కూర్చుంది.

ఆ ల్యాబులో ఎవరి ఉండలూ అరవై రోజులు దాటలేదు. నడిమధ్య నల్లబడి చచ్చిపోయేవి. సూర్యకళవి డెబ్బై దాకా వెళ్ళాయి. అప్పుడు శ్రీరామ్మూర్తి ఆమెని గదికి పిలిచాడు. "తొంభై రోజులు నిలబెట్టు. అచ్చయ్యే పరిశోధన పేపర్లో నీ పేరుంటుంది. నిన్ను పర్మనెంటు చేయిస్తాను." కొత్తగా మొదలుపెట్టింది. వంటింట్లో క్యాలెండరు మీద ఒకటి నుంచి అంకెలు వేసుకుంది. మా అమ్మ అది చూసి ఏదో మొక్కు అనుకుంది.

నెలనెలా ఆమెకి రక్తం విపరీతంగా పోయేది. గర్భసంచి తీసేయాలని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. "తొంభై అవ్వనీ, సేయించుకుంతాను" అంది. ఎనభై మూడో రోజున స్నానాల గదిలో పడిపోయింది. మర్నాడు ఆపరేషను. వార్డులో అందరూ వింటుండగా మా అమ్మ అంది, "తీసీనీ. ఎలాగూ ఉత్త సంచే కదా, ఏటి నట్టం?" సూర్యకళ గోడవైపు తిరిగింది. నేను బత్తాయి ఒలుస్తూ కూర్చున్నాను.

ఎనభై ఆరో రోజున తుపాను. మధ్యాహ్నం రెండింటికి ల్యాబు వాచ్‌మన్ కామరాజు ఫోను చేశాడు. విద్యార్థులకి కాదు. ఆసుపత్రి మంచం మీదున్న ఆమెకి. స్పీకరులో పెట్టింది.

"అమ్మా, కరెంటు పొద్దున్నే పోనాది. జనరేటరు రెండు గంటలాడి సచ్చింది. మీ ఎచ్చటి పెట్టెలో అంకె పడిపోతంది. సారు ఫోను తియ్యట్లేదు. ఏటి సెయ్యమంటారు?"

ఆ జనరేటరు గురించి ఆమె మూడుసార్లు కాగితం రాసిచ్చింది. సరే.

ఆమె లేవబోయింది, కుట్లు. పడుకునే నా చొక్కా పట్టుకుంది. "బావ, నువ్వెల్లు. ఒక్కసారి నా కోసం ఎల్లు. ఇంక్యుబేటర్లో పైఅరలో రెండు ట్రేలుంతాయి. థర్మాకోల్ పెట్టెలో ఎట్టి మద్దిలపాలెం అట్టుకెల్లు. నాతో కాలేజీలో సదివిన జ్యోతిర్మయి ఉంది అక్కడ, ఆల్ల ల్యాబుకి జనరేటరుంది. పెట్టెలో..."

నా ఫోను మోగింది. ఫ్యాక్టరీ సూపర్వైజరు. తుపానుకి పడవలన్నీ ఒక్కసారే తిరిగొచ్చాయి, చేపలు గుట్టలు పడ్డాయి, దిమ్మలు కరుగుతున్నాయి, ఎక్కడున్నావంటున్నాడు. నేను ఒక చెవి అతనికిచ్చి, ఆమె వైపు చెయ్యి ఊపాను.

"బావ, ఇను. వేడినీల్ల సీసాలు తువ్వాల్లో సుట్టి సుట్టూరా..."

"తెలుసు లేవే. ఐదేల్లుగా నింపుతన్నాను ఆ పెట్టె. నాకు నేర్పుతావా?"

ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. నేను మెట్లు దిగిపోయాను.

ఏ ప్రాణినైనా దాని చోటు నుంచి బయటికి తీస్తే ఐసులో పెట్టాలి. నాకు తెలిసిన చదువు అది. పైగా ఆ కణాలకని రోజూ నా చేత్తో నేనే ఐసు ఇచ్చాను. ఫ్యాక్టరీకి వెళ్ళి, ఎగుమతి రొయ్యకి కొట్టినట్టు మెత్తగా కొట్టాను. ల్యాబులో కామరాజు తలుపు తీస్తే ట్రేలు దించి పెట్టెలో సర్దాను. అడుగున ఒక పొర, ట్రేల మధ్య ఒక పొర, పైన ఒక పొర. అంత శ్రద్ధగా నేను ఆమె కోసం ఏదీ చేయలేదు. దారిలో చెట్లు పడి ఉన్నాయి. వానలో రెండున్నర గంటలు పట్టింది. ఒక్క చుక్క బయటికి పోకుండా పెట్టె గుండెకి హత్తుకుని వెళ్ళాను. దారిపొడుగునా నా మీద నాకు గౌరవం కలిగింది.

జ్యోతిర్మయి గేటు దగ్గరే నిలబడి ఉంది. పెట్టె అందుకోగానే ఆమె ముఖం మారింది. మూత తీసింది.

"అన్నయ్యా, ఏటి సేసేరు?"

"ఐసు తగ్గిందా? ఇంకా తెప్పించమంటావా?"

ఆమె పెట్టె పట్టుకుని లోపలికి పరుగెత్తింది. చలికి జెల్లు వదులైపోయింది. ఉండలు జారి అడుగుకి పడ్డాయి. చాపుకున్న చేతులన్నీ తెగిపోయాయి. ఆ రాత్రికి అవి చచ్చిపోయాయని తేలింది.

సూర్యకళ ఆ మాట నా నోట విని, "ఐసా?" అంది. అంతే. మళ్ళీ, "ఐసా బావ?" అంది.

మూడోరోజు శ్రీరామ్మూర్తి వార్డుకి వచ్చాడు. యాపిల్ పళ్ళు తెచ్చాడు. ఆరోగ్యం అడిగాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మేనేజిమెంటు రిపోర్టు అడుగుతోందమ్మా. అర్జునరావూ, నిజం చెప్పు. ఐసులో పెట్టమని నీకెవరు చెప్పారు?"

చదువుకున్న మనిషి. ఇస్త్రీ చొక్కా. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు. పక్కనే మా అమ్మ. నాకు తెలియక చేశానని చెప్పవలసిన చోటు అది. చేపలవాణ్ణి, తెలియదు, ఆమె చెప్తుంటే వినలేదు అని. నాలుగు మాటలు. నేను ఆ నాలుగు మాటలు చెప్పలేదు.

"ఈవిడే చెప్పిందండి. ఐసులో ఎట్టి అట్టుకెల్లమంది."

శ్రీరామ్మూర్తికి కావలసింది కూడా అదే. జనరేటరు మాట, ఎత్తని ఫోను మాట ఇక రావు. ఆమె వైపు తిరిగాడు. "అవునా సూర్యకళా?"

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. ఏదో కొలుస్తున్నట్టు చూసింది. వేలంపాటలో చేప కన్ను ఎత్తి, ఎన్నాళ్ళదో చూస్తారు, అలాగ. నేను తల దించుకోలేదు. దించుకుంటే దొరికిపోతానని.

"అవును సార్. నేనే చెప్పాను" అంది.

ఆయన నిట్టూర్చాడు. "ఇంత అనుభవం ఉండి..." అన్నాడు. నెలాఖరుకి కాంట్రాక్టు పూర్తయిందని ఉత్తరం వచ్చింది. డెబ్బై రోజుల ఉండల మీద పేపరు మరుసటి ఏడు వచ్చింది. అందులో ఆమె పేరు లేదు. మా అమ్మ, "పోనీ, ఇకనైనా ఇంటి పట్టునుంతాది" అంది.

ఆమె ఇంటి పట్టున రెండు నెలలే ఉంది. ఆ రెండు నెలలూ సాయంత్రం కత్తిపీట ముందు కూర్చునేది, చేపలు శుభ్రం చేసేది, లేచేది. పెరట్లో చప్పుడు లేదు. నాకు మొదట సుఖంగా ఉంది. వారం పోయాక చెవుల్లో ఏదో లోటుగా అనిపించింది.

"ఏటే, ఏటీ సెప్పవు?"

"ఏటి సెప్పాల?"

"ఏదోటి. ఇంతాను."

ఆమె చేతులు కడుక్కుంది. తువాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. "నువ్వు ఐదేల్లు ఐసు ఇచ్చేవు బావ. ఎందుకని ఒక్కనాడు అడగనేదు. నాను అడక్కుండానే సెప్పేను. ఇక నువ్వు అడిగితేనే సెప్తాను. ఊరికే ‘ఏటీ సెప్పవు’ అని కాదు. పేరెట్టి, పలానాది ఏటని అడుగు."

ఏం పేరు పెట్టి అడగాలో నాకు తెలియలేదు. ఒక్క పేరూ నేను వినలేదు. ఆ రోజు అడగలేదు. తర్వాత అడగడం సిగ్గయింది. ఆ తర్వాత అలవాటయింది.

ఆమె మళ్ళీ ఉద్యోగంలో చేరింది. జ్యోతిర్మయి దగ్గరని తెలుసు, ఏం చేస్తోందో తెలియదు. మొదటిరోజు పొద్దున్న నేను ఐసు కొట్టి పెట్టె నింపి గుమ్మంలో పెట్టాను. "అక్కర్నేదు. అక్కడ మిషనుంది" అంటూ పెట్టె దాటుకుని వెళ్ళిపోయింది. వంట చేసేది. మా అమ్మకి మాత్రలు ఇచ్చేది. అమ్మ పోయినప్పుడు చేయవలసినవన్నీ చేసింది. నాతో మాట్లాడేది కూడా. ఉప్పు సరిపోయిందా, గ్యాసు అయిపోయింది, రేపు ఆలస్యమవుతుంది. నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఆమె మనసులో ఏముందో నేను రాయలేను. తెలియదు. ఇంతవరకు రాసినదంతా ఎనభై ఆరో రోజుకి ముందు ఆమె నాకు ఊరికే ఇచ్చినది.

మొన్న మార్చిలో ఆమె గుండె ఆగి చనిపోయింది. నలభై నాలుగేళ్ళు.

పదోరోజున జ్యోతిర్మయి వచ్చింది. వాళ్ళ ల్యాబువాళ్ళు నలుగురు వెంట వచ్చారు. అందరికీ కళ్ళు వాచి ఉన్నాయి. ఒక అమ్మాయి గోడకి ఆనుకుని ఏడుస్తూ, "మేడం నా చెయ్యి పట్టుకుని నేర్పించారు" అంటోంది. మేడం అంటే ఎవరో అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"నూట నలభై రోజులు నిలబెట్టింది అన్నయ్యా" అంది జ్యోతిర్మయి. "మన ఊళ్ళో ఎవరివల్లా కాలేదు. పేపర్లో మొదటి పేరు తనదే. పోయిన శ్రావణంలో వచ్చింది. మీకు తెలుసు కదా, ఆ రోజు మా ల్యాబులో అందరికీ పంచి, మా బావకి అంటూ ఒక మిఠాయి పెట్టె ఇంటికి పట్టుకొచ్చింది."

గుర్తుంది. కాజాలు. నా ముందు పెట్టి, ఎదురుగా కుర్చీలో కూర్చుంది. పని మానుకుని ఆమె అలా కూర్చోవడం ఎప్పుడూ లేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నన్నే చూస్తోంది. నేను మూడు తిన్నాను. బాగున్నాయన్నాను. టీవీలో ఏదో వస్తోంది. ఆమె ఇంకా కాసేపు కూర్చుంది. తర్వాత లేచి బియ్యం కడగడానికి వెళ్ళింది.

"సెప్పింది కదా అన్నయ్యా?"

ఇంటినిండా చుట్టాలు. "ఆఁ. సెప్పింది" అన్నాను. రెండోసారి కూడా అబద్ధమే.

వచ్చే నెల వాళ్ళు ల్యాబులో సంస్మరణ సభ పెడుతున్నారు. ఇంట్లో ఆమె ఎలా ఉండేదో, పని గురించి నాతో ఏమనేదో నాలుగు మాటలు చెప్పమని జ్యోతిర్మయి మూడుసార్లు కబురు పెట్టింది. రానన్నాను. ఆ నాలుగు మాటలూ ఈ కాగితాల్లో ఉన్నాయి, తీసుకుపోయి చదువుకోండి. నన్ను పిలవొద్దు, ఓదార్చొద్దు, ఏమీ అడగొద్దు. సూర్యకళ పని గురించి నేను ఎవరితోనూ, ఎప్పటికీ, ఇంకొక్క మాట మాట్లాడను.